మూడు వారాల చార్టు

బస్సు డిపోలో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినిపించదు. డ్రైవర్లందరికీ ఆమె చార్టమ్మ. నూట ఇరవై మంది డ్రైవర్లలో ఎవరు ఏ బస్సు ఎక్కాలో, ఏ రూటులో తిరగాలో, ఎవరికి ఏ రోజు సెలవో రాసే చార్టు పద్నాలుగేళ్ళుగా ఆమె చేతిలోనే ఉంది. పొద్దున్న అయిదింటికి కిటికీ తలుపు తీసింది మొదలు మధ్యాహ్నం ఒంటిగంటకు మూసేదాకా ఆ కిటికీ ముందు ఎవరో ఒకరు నిలబడి బతిమాలుతూనో పోట్లాడుతూనో ఉంటారు. ఒకతనికి బావమరిది పెళ్ళి. ఇంకొకతని పిల్లకు పళ్ళు వస్తున్నాయి. మరొకతనికి నడుం పట్టేసింది.

"నీ నడుం ప్రతి సోమవారమే పడుతుందేంటి?" అని ఆమె కళ్ళజోడు పైనుంచి చూసేది. అడిగినతను నవ్వేసి బండి తాళాలు తీసుకుని వెళ్ళిపోయేవాడు.

మాట కరుకే గాని, చార్టు దగ్గర ఎవరికీ ఎక్కువ తక్కువలు చేయదని ఆమెకు పేరు. రూట్లు వారం వారం మారతాయి. ఈ వారం గుట్ట ఎక్కినవాడు వచ్చే వారం చదును రోడ్డుకు దిగుతాడు. పద్నాలుగేళ్ళలో ఆ వరస ఒక్కసారి కూడా తప్పలేదు. అలాంటి మనిషి, ఉన్నట్టుండి, మూడు వారాల పాటు కావాలనే తప్పించింది. అదెందుకో చెప్పాలంటే డాక్టరు గదిలోంచి మొదలుపెట్టాలి.

ఆమెకు యాభై రెండేళ్ళు. భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. పిల్లలు లేరు. ఉన్నది ఒక్క చెల్లెలు, అది కూడా రైల్లో ఒక రోజంతా కూర్చుంటే గాని చేరలేనంత దూరంలో. డిపోలో ఆడవాళ్ళందరికీ ఏడాదికోసారి చేయించే పరీక్షల్లో ఎడమ రొమ్ములో ఏదో మచ్చ కనిపించిందన్నారు. సూది పెట్టి ముక్క తీశారు. క్యాన్సరే. పద్నాలుగు మిల్లీమీటర్ల గడ్డ. తొలి దశలోనే దొరికింది, చంకలోకి పాకిన గుర్తులు లేవు.

డాక్టరు ఓపికగల మనిషి. కాగితం మీద గుండ్రంగా ఒక బొమ్మ గీసి, దాని లోపల పెన్నుతో ఒక చుక్క పెట్టింది.

"మామూలుగా అయితే ముందు ఆపరేషన్ చేసి దీన్ని తీసేస్తాం. గాయం మానాక రేడియేషన్ ఇస్తాం. ఇప్పటికీ ఎక్కువ మందికి అలాగే చేస్తున్నాం. అది బాగా నమ్మకమున్న దారి. ఇంకో పద్ధతి ఉంది. రేడియేషన్ ముందు ఇచ్చేసి, తర్వాత ఆపరేషన్ చేయడం. దానిమీద మా దగ్గర ఒక పరిశోధన జరుగుతోంది. మీ గడ్డ చిన్నది, ఒక్కటే ఉంది. మీకిష్టమైతే చేరొచ్చు."

"ముందే ఇస్తే ఏంటి లాభం?"

"గడ్డ తీసేశాక అదెక్కడ ఉండేదో అంచనా వేసుకుని ఇవ్వాలి. అందుకని కాస్త ఎక్కువ మేర తగుల్తుంది. గడ్డ లోపలుండగా అయితే అదెక్కడుందో స్కానులో కనిపిస్తూనే ఉంటుంది, గురి చూసి ఇవ్వొచ్చు. తర్వాత తీసిన ముక్కను పరీక్ష చేస్తే రేడియేషన్ దానిమీద ఎంత పనిచేసిందో కూడా తెలుస్తుంది. కాని ఇదే మేలని ఇంకా తేలలేదు. ఆ చోట గాయం మానడానికి ఎక్కువ రోజులు పట్టొచ్చు కూడా. తొందరేం లేదు. మీవాళ్ళతో మాట్లాడి రండి."

ఆమె ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకుంది. తర్వాత అడిగింది.

"ఆపరేషన్‌కి పక్కన మనిషి ఉండాలా?"

"ఉండాలి. ఇంటికి తీసుకెళ్ళాలి, నాలుగు రోజులు చూసుకోవాలి."

"రేడియేషన్‌కి?"

"అక్కర్లేదు. అరగంట పని. వారానికి అయిదు రోజులు చొప్పున మూడు వారాలు. మీరే వచ్చి వెళ్ళిపోవచ్చు. తర్వాత రెండు నెలలు ఆగి ఆపరేషన్ చేస్తాం."

"అయితే రేడియేషనే ముందు పెట్టండి."

బాగా ఆలోచించుకునే చెప్పిందని డాక్టరు అనుకుంది. ఆలోచించిన మాట నిజమే. కాని ఆమె ఆలోచించింది గడ్డ గురించి కాదు. పక్కన మనిషి కావలసిన రోజు దాదాపు మూడు నెలలు వెనక్కి జరుగుతుంది, అంతే ఆమెకు తట్టింది. భర్త పోయినప్పుడు డిపోలో అందరూ ఆమెను ఎలా చూశారో ఆమె మరిచిపోలేదు. కిటికీ దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. నవ్వుతున్నవాళ్ళు ఆమెను చూసి నవ్వు ఆపేసేవాళ్ళు. ఆ 'అయ్యో పాపం' చూపు వదలడానికి ఏడాది పైనే పట్టింది. మళ్ళీ దాని పాలబడడం ఆమె వల్ల కాదు. ఇక చెల్లెలికి చెప్పడమంటే, అది మొదటి రైలెక్కి వచ్చి వాలి, ముందు తను ఏడ్చి, దాన్ని ఓదార్చే పని కూడా అక్క నెత్తినే పెడుతుంది.

ఎవరికీ చెప్పకూడదని అలా తేలిపోయింది. రేడియేషన్‌కు ఇచ్చిన వేళ మధ్యాహ్నం రెండూ నలభై. ఆమె డ్యూటీ ఒంటిగంటకు ముగుస్తుంది కాబట్టి సెలవు పెట్టే పని లేదు. ఒకటే చిక్కు. ఆసుపత్రికి వెళ్ళే బస్సు పదకొండో నంబరు ఒక్కటే. అది ఈ డిపోదే. ముందు తలుపులోంచి ఎక్కి డ్రైవరు దగ్గరే టికెట్టు తీసుకోవాలి. డ్రైవరు కంటబడకుండా ఎక్కడం జరగని పని.

ఆ వారం పదకొండుకు రావలసిన డ్రైవరును డిపోలో మైకు అంటారు. మనసు మంచిదే గాని అతని చెవిన పడ్డ మాట సాయంత్రానికి వర్క్‌షాపు చేరుతుంది, దారిలో దానికి కాళ్ళూ చేతులూ కూడా మొలుస్తాయి. ఆమె మైకును స్టేషన్ రూటుకు తోసేసింది. పదకొండు ఎదుట నిదానం పేరు రాసింది.

నిదానం అన్నది కూడా డిపో పెట్టిన పేరే. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఇంకో ఏడు నెలల్లో రిటైరవుతాడు. ఏ పనైనా తాపీగా చేస్తాడు. రోజు మొత్తం మీద పది మాటలు మాట్లాడితే గొప్ప. ఆమెకు కావలసిందీ అదే. అయితే పదకొండో నంబరు రూటులో అయిదు మలుపుల గుట్ట ఉంది. ప్రతి మలుపులోనూ క్లచ్ తొక్కి పట్టాలి. నిదానానికి ఎడమ మోకాలు అరిగిపోయింది. ఆ మోకాలి వల్ల ఆ నెల ఒకటో తేదీ నుంచి అతనికి చదును రూటే వేయాలి, ఆ వారం వరస ప్రకారం కూడా అదే. అతని పేరు రాస్తుంటే ఆమె చెయ్యి ఒక క్షణం ఆగింది. అయినా రాసింది. రెండో వారం మళ్ళీ రాసింది. మూడో వారం కూడా.

మొదటి రోజు ఆమె డిపో గేటు దగ్గర ఎక్కకుండా టైర్ల కొట్టు దాటి రెండో స్టాపు దాకా నడిచింది. ఒంటిగంట యాభైకి డిపోలో బయల్దేరిన బస్సు అక్కడికి వచ్చి ఆగింది. చివరి స్టాపుకు టికెట్టు అడిగింది. నిదానం ఇచ్చాడు. ఎక్కడికని గాని, ఈ వేళప్పుడు ఏంటని గాని అడగలేదు. సరైన మనిషినే వేసుకున్నాననుకుని ఆమె వెనక సీట్లో కూర్చుంది. చివరి స్టాపు దాకా పోకుండా ఆసుపత్రి వెనక గేటు దగ్గర దిగిపోయింది.

రేడియేషన్ గది నేలకు ఒక అంతస్తు కింద ఉంది. కిటికీలు లేవు. తలుపు జానెడు మందం. అంతకుముందు వారమే స్కాన్ తీసి, గురి కోసం ఒంటి మీద సూదిమొనంత పచ్చబొట్లు మూడు పొడిచారు. ఆమెను సన్నటి బల్ల మీద పడుకోబెట్టి, రెండు చేతులూ తలపైకి ఎత్తించి, టెక్నీషియన్ అమ్మాయి ఆ చుక్కలను వెలుగు గీతలకు సరిపెట్టుకుంది. ఆ అమ్మాయి వేళ్ళు చల్లగా ఉన్నాయి. తొమ్మిదేళ్ళ తర్వాత ఒంటి మీద పడిన ఇంకొకరి చెయ్యి అది, అదీ కొలత కోసం.

"ఎడమవైపు కదమ్మా, మేం చెప్పినప్పుడు గట్టిగా ఊపిరి పీల్చి పట్టుకోండి. అప్పుడు గుండె కాస్త పక్కకు జరుగుతుంది, దానికి తగలదు. వెంట ఎవరొచ్చారు?"

"మా చెల్లెలు. బయట కూర్చుంది." మాట దానంతటదే వచ్చేసింది.

"మంచిది. కదలకండి. మేం బయట్నుంచి చూస్తూనే ఉంటాం."

అందరూ గబగబా బయటకు వెళ్ళిపోయారు. తలుపు మూసుకుంది. మిగతావాళ్ళెవరికీ తగలకూడని దాని కింద తను ఒక్కతే మిగిలింది. యంత్రం ఆమె చుట్టూ నెమ్మదిగా తిరిగి ఒక పక్కన ఆగింది. "ఊపిరి పీల్చండి... పట్టుకోండి" అంది స్పీకరులో గొంతు. పట్టుకుంది. సన్నగా ఏదో మోత. నొప్పి లేదు, వేడి లేదు. "వదలండి." వదిలింది. పైకప్పులో ఒక పలక అంచు విరిగి ఉంది. మూడు వారాలు ఆమె చూసిన దృశ్యం అదే.

చెల్లెలి అబద్ధం ఒక్కరోజుతో పోలేదు. మర్నాడు ఆ అమ్మాయి, "మీ చెల్లెల్ని లోపల కూర్చోమనండమ్మా, బయట ఎండ మండిపోతోంది" అంది.

"దానికి ఎండంటే ఇష్టం."

"ఏం చేస్తారు ఆవిడ?"

"నోరు మూసుకుని కూర్చోవడం తప్ప అన్నీ చేస్తుంది." ఈ ఒక్క ముక్క మాత్రం నిజం. అమ్మాయి నవ్వింది. గదిలోంచి బయటకు వెళ్తూ కూడా నవ్వుతూనే ఉంది. ఆ రోజు బల్ల మీద ఊపిరి పట్టుకోవడం కాస్త తేలికైంది.

రెండో వారంలో ఒకరోజు చర్మానికి రాసుకునే మందు కాగితం ఒకటి ఇవ్వాల్సి వచ్చింది. "మీ చెల్లెలికి చెప్తానమ్మా, మీరు బట్టలు వేసుకోండి" అంటూ ఆమె వారించేలోపే అమ్మాయి బయటకు వెళ్ళింది. బయట రెండు బెంచీలు. రెండూ ఖాళీ. తిరిగి వచ్చి ఆ అమ్మాయి కాగితాన్ని ఆమె సంచిలో తనే పెట్టి, "పని మీద వెళ్ళినట్టున్నారు" అంది. ఆ తర్వాత చెల్లెలి సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. అడిగినప్పటి కన్నా అడగకపోవడం ఎక్కువ గుచ్చుకుంది.

అసలు చెల్లెలు ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది.

"అక్కా, గొంతేంటి అలా ఉంది? పడుకుని లేచావా? ఈ వేళప్పుడు పడకేంటే?"

"డిపోలో పని ఎక్కువైంది."

"నీ డిపోకేం గాని, ఇది విను. మీ మరిది కొత్త సోఫా తెచ్చాడు. తెచ్చి దానిమీద ఎవర్నీ కూర్చోనివ్వడు! ప్లాస్టిక్ కాగితం తీయనివ్వడు. మేమంతా దాని ముందు కింద కూర్చుని దాన్ని చూస్తున్నాం."

ఆమె నవ్వింది. నవ్వితే ఎడమవైపు చర్మం చురుక్కుమంది. 'ఒసేయ్, నీకొక మాట చెప్పాలి' అనడానికి నోరు తెరిచింది కూడా. అవతల పొయ్యి మీద పాలు పొంగాయి. "ఉండక్కా, మళ్ళీ చేస్తా" అని ఫోన్ పెట్టేసింది చెల్లెలు. మళ్ళీ చేసేసరికి ఆమెలో ఆ మాట చల్లారిపోయింది.

తిరుగు ప్రయాణం కూడా నిదానం బస్సులోనే. గుట్ట చివరిదాకా వెళ్ళి, మూడూ ఇరవైకి మళ్ళీ ఆసుపత్రి వెనక గేటుకు వస్తుంది. కొన్ని రోజులు లోపల ఆలస్యమయ్యేది. మూడూ ఇరవై మూడుకో, ఇరవై నాలుగుకో ఆయాసపడుతూ గేటు దాటి వస్తే బస్సు ఇంకా అక్కడే ఉండేది. నిదానం కదా, ఇవాళ కూడా లేటే అనుకుని లోలోపల సంతోషపడుతూ ఎక్కేది.

కాని ఆలస్యాల చీటీ పొద్దున్నే ఆమె బల్ల మీదకే వచ్చేది. ఒకే వారంలో మూడుసార్లు ఆలస్యమైతే మెమో ఇవ్వాలన్నది డిపో రూలు. మొదటి వారంలో పదకొండో నంబరు మూడుసార్లు ఆలస్యమైంది. అతనికి ఒక రూలు, ఇంకొకరికి ఒక రూలు ఎలా కుదురుతుంది? వరస తప్పించిన పాపం ఒకటి అప్పటికే మెడ మీద ఉంది. రెండో వారం సోమవారం ఆమె మెమో రాసింది. నిదానానికి మెమో అంటే డిపోలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. అతను వచ్చి, జేబులోంచి కళ్ళజోడు తీసి తుడుచుకుని, కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివి సంతకం పెట్టాడు.

"పెన్ను బాగా రాస్తోందమ్మా" అని తిరిగిచ్చి వెళ్ళిపోయాడు.

మూడో వారానికి అలసట మొదలైంది. నిద్రతో తీరే అలసట కాదది. కిటికీ ముందు మనిషి మాట్లాడుతూనే ఉంటే, మాటలు ఎక్కడో దూరంగా వినిపించేవి. రొమ్ము మీద చర్మం ఎర్రబడి, అంచుల్లో నల్లబారింది. బట్ట రాసుకోకుండా ఎడమ చేతిని కాస్త దూరంగా పెట్టుకుని నడిచేది. ఎవరూ కనిపెట్టలేదు. ఎవరూ కనిపెట్టకూడదనే ఇంత చేసింది. తీరా ఎవరూ కనిపెట్టకపోతే, పద్నాలుగేళ్ళుగా రోజూ చూసే మొహాల మీద ఆమెకు ఎందుకో కోపం వచ్చేది.

మంగళవారం పదకొండు గంటలప్పుడు యూనియన్ సెక్రటరీ చార్టు గదిలోకి వచ్చాడు. కిటికీ దగ్గర కాదు, తలుపు తోసుకుని లోపలికే. వెనక మైకు. వాళ్ళిద్దరి వెనక, రానంటే లాక్కొచ్చినట్టు, నిదానం.

"చార్టమ్మా, నీ మీద ఎప్పుడైనా కంప్లయింటు పట్టుకొచ్చానా?" అన్నాడు సెక్రటరీ.

"లేదు."

"ఇవాళ తెచ్చాను. ఈ అన్నయ్యకి చదును రూటు పడాల్సింది, మూడు వారాల్నుంచి గుట్ట మీదే ఉన్నాడు. ఆ మోకాలు చూశావా? ప్యాంటు పట్టట్లేదు. పైగా మెమో ఒకటి!"

"ఏదో పగబట్టినట్టుంది కదా" అన్నాడు మైకు.

"నువ్వాగు. చార్టమ్మా, ఎందుకు వేశావో ఒక్క కారణం చెప్పు. వింటాం, వెళ్ళిపోతాం."

ఆమె చార్టు వైపు చూసింది. గళ్ళలో అన్ని పేర్లూ ఆమె చేతిరాతే. నిజం చెప్పేద్దామనుకుంది. మైకు మొహం చూసి ఆగిపోయింది.

"నేనే అడిగాను" అన్నాడు నిదానం.

ముగ్గురూ అతని వైపు తిరిగారు.

"నువ్వా? గుట్ట రూటు నువ్వు అడిగావా?"

"ఊ. పైన గాలి బాగుంటుంది."

సెక్రటరీ నోరు తెరిచి, మూసి, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "గాలి కోసం మోకాళ్ళు అరగదీసుకునే మనిషిని నిన్నే చూశానన్నా" అన్నాడు మైకు. చేసేదేం లేక వెళ్ళిపోయారు. నిదానం కూడా ఆమె వైపు చూడకుండానే వాళ్ళ వెనక కుంటుకుంటూ వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం ఆమె వెనక సీటుకు పోలేదు. టికెట్టు తీసుకుని డ్రైవరు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడింది. బస్సులో ఇద్దరో ముగ్గురో ఉన్నారు, దూరంగా. గుట్ట మొదలయ్యాక అడిగింది.

"ఎందుకు అబద్ధం చెప్పారన్నా?"

నిదానం మలుపు తిప్పేదాకా ఆగాడు. క్లచ్ తొక్కినప్పుడు అతని దవడ బిగుసుకోవడం ఆమె అప్పుడే మొదటిసారి చూసింది.

"చివరిదాకా టికెట్టు కొని వెనక గేటు దగ్గర దిగుతున్నారు. అక్కడ రేడియేషన్ బిల్డింగ్ ఒక్కటే ఉంది. ఒకరోజైతే ఎవర్నో చూడ్డానికి వెళ్ళారనుకోవచ్చు. వచ్చేటప్పుడు చెయ్యి అలా పట్టుకుని ఎక్కుతున్నారు." ఇంకో మలుపు. "ఎవరికీ తెలీకూడదనేగా నన్ను వేసుకున్నారు."

"మరి లేటు?"

"మీరు కనబడేదాకా బండి తీయబుద్ధి కాలేదమ్మా. తర్వాతి బస్సు ఇంకో గంటకి గాని లేదు. అక్కడ నీడ కూడా లేదు."

"నేను మీకు మెమో ఇచ్చాను."

"ఇచ్చారు."

"అప్పుడైనా చెప్పొచ్చుగా!"

"చెబితే మీరు ఈ బస్సెక్కడం మానేసేవాళ్ళు."

గడ్డ బయటపడిన రోజు రాని ఏడుపు, ఒంటి మీద పచ్చబొట్లు పొడిచిన రోజు రాని ఏడుపు, అయిదో మలుపులో వచ్చింది. కడ్డీ పట్టుకుని, మొహం అద్దం వైపు తిప్పుకుని ఏడ్చింది. అతను ఓదార్చలేదు, వెనక్కి తిరగలేదు. వెనక గేటు దగ్గర ఆపి, తలుపు తెరిచి, ఆమె కళ్ళు తుడుచుకునేదాకా ఊరికే కూర్చున్నాడు. వెనక నుంచి ఎవరో "ఏంటి ఆలస్యం?" అని అరిచారు.

"ఇంకెన్ని రోజులు?" అన్నాడు.

"ఇవాళ కాక మూడు."

"నా పేరే ఉంచండి."

"ఉంచను" అని దిగింది.

మర్నాడు అయిదింటికి ఆమె చేసిన మొదటి పని వారం మధ్యలో చార్టు మార్చడం. నిదానాన్ని చదును రూటుకు వేసి, పదకొండు ఎదుట వరస ప్రకారం ఎవరు రావాలో ఆ పేరు రాసింది. మైకు. తర్వాత మేనేజరు గదికి వెళ్ళి మెమో రద్దు చేయమంది.

"ఎందుకు?"

"అతను లేటు చేసింది నా కోసం. నాకు క్యాన్సర్. రోజూ ఆ బస్సులో వెళ్ళి రేడియేషన్ చేయించుకుంటున్నాను."

పైకి అనడం అదే మొదటిసారి. చెప్పాక పెద్దగా ఏమీ కాలేదు. మేనేజరు బల్ల మీది పేపరువెయిటును అటునుంచి ఇటు జరిపి, ఇటునుంచి అటు జరిపి, "సెలవు తీసుకోండమ్మా" అన్నాడు. "ఆపరేషన్‌కి తీసుకుంటాను" అని ఆమె తిరిగి వచ్చి కిటికీ తెరిచింది.

మధ్యాహ్నం డిపో గేటు దగ్గరే బస్సెక్కింది.

"చార్టమ్మా! మీరా! ఎక్కడికి?" అన్నాడు మైకు ఉత్సాహంగా.

"ఆసుపత్రి వెనక గేటు."

మైకు టికెట్టు ఇచ్చే చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. ఆ రోజు అతను గుట్టను ఎంత మెల్లగా ఎక్కించాడంటే, బండి నిండా గుడ్లు ఉన్నాయేమో అన్నట్టుంది. సాయంత్రానికి డిపో అంతా తెలిసిపోయింది.

ఆమె భయపడినదే జరిగింది. అయితే అనుకున్నట్టు కాదు. జాలిగా చూసినవాళ్ళు తక్కువే. అసలు కిటికీ దగ్గరకే ఎవరూ రాలేదు. నడుం పట్టేసినతను నోరు మూసుకుని గుట్ట ఎక్కాడు. పెళ్ళికి సెలవు కావలసినతను "మీకెలా వీలైతే అలా వేయండి మేడమ్" అన్నాడు. మేడమ్! పోట్లాడే మనిషి లేక కిటికీ ముందు చోటంతా బోసిపోయింది. టీ గ్లాసు ఎవరో చప్పుడు కాకుండా పెట్టి వెళ్ళేవాళ్ళు. ఆమె ఒక్కతే తాగేది. నిదానం మాత్రం రెండు రోజులకోసారి వచ్చి, ఎలా ఉందని అడిగేవాడు. "ఉంది" అనేది. "ఊ" అని వెళ్ళిపోయేవాడు.

శుక్రవారంతో పదిహేనూ అయిపోయాయి. తర్వాత ఎనిమిది వారాల ఎదురుచూపు. రేడియేషన్ కన్నా అదే కష్టమనిపించింది. "కరెంటు పెట్టించుకున్నారటగా, అయిపోయిందటగా" అనేవాళ్ళు అందరూ. రేడియేషన్ వాళ్ళ నోట కరెంటైంది. గడ్డ ఇంకా లోపలే ఉందని, తీసేది ఇకముందేనని మొదట్లో విడమరిచి చెప్పేది. వినేవాళ్ళ మొహాలు అయోమయంలో పడడం చూసి మానేసింది. రోజూ స్నానానికి ముందు వేలితో తడిమి చూసుకునేది. ఉంది. ఉందా, తగ్గిందా? బతికుందా, చచ్చిందా? అడగడానికి ఆ గదిలో అద్దం తప్ప ఇంకెవరూ లేరు. ఆరో వారం స్కానులో తొమ్మిది మిల్లీమీటర్లని వచ్చింది. "తగ్గింది. లోపల ఎంత మిగిలిందో ముక్క బయటకు తీశాకే తెలుస్తుంది" అంది డాక్టరు. ఆపరేషన్ కాగితాలు ముందు పెట్టింది. పక్కన ఉండే మనిషి పేరు రాయాల్సిన గీత ఖాళీగా ఉంది.

ఇంటికి వచ్చి చెల్లెలికి ఫోన్ చేసింది. గడ్డ సంగతి, రేడియేషన్ సంగతి, ఆపరేషన్ సంగతి వరసగా చెప్పింది. తర్వాత చెల్లెలు మెల్లగా, చెల్లెలి నోట ఎన్నడూ వినని గొంతుతో అంది.

"ముందు కోసి తర్వాత కదే కరెంటు పెడతారు? మా ఎదురింటావిడకి అలాగే చేశారు. నీకు తిరగేసి చేశారేంటి?"

"నేనే చేయించుకున్నాను."

"ఒక్కదానివే?"

"ఒక్కదాన్నే."

"ఆదివారం ఆదివారం ఫోన్ చేసి నేను నీకు సోఫా కబుర్లు చెప్పాను. ఆ సోఫా కబుర్లు చెప్పించుకున్నావు నాతో! నేనేమయ్యాననుకున్నావే? నాకేమవుతావు నువ్వు?"

ఆమె ఆపరేషన్ తేదీ చెప్పింది. చెల్లెలు మూడో రోజుకల్లా రెండు పెట్టెలతో దిగింది. అనుకున్నట్టే ఏడ్చింది. అయితే అక్కను ఓదార్చమనలేదు. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది.

ఆపరేషన్ రోజు వరండాలో ఆ టెక్నీషియన్ అమ్మాయి ఎదురైంది. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఈవిడేనా మీ చెల్లెలు?"

"ఇదే."

"మీకు ఎండంటే ఇష్టమట కదండీ" అంది అమ్మాయి.

"నాకా? ఎండా?" అని చెల్లెలు తెల్లబోయింది. చక్రాల మంచం మీది నుంచే ఆమె నవ్వింది. ఆ నవ్వుతోనే లోపలికి తోసుకెళ్ళారు.

పది రోజులకు రిపోర్టు వచ్చింది. తీసిన ముక్కలో రెండు మిల్లీమీటర్ల మేర కొన్ని కణాలు మిగిలి ఉన్నాయి, తక్కినదంతా చచ్చిన కండే. అంచులు శుభ్రంగా ఉన్నాయి. చంకలోంచి తీసిన రెండు గ్రంథులూ శుభ్రమే. అయిదేళ్ళు మాత్రలు వేసుకోవాలి.

"అంటే పోయినట్టేనా డాక్టర్‌గారూ?" అంది చెల్లెలు.

"తీసేశాం. ఇక కనిపెట్టుకుని ఉండాలి."

చెల్లెలు ఇంకో రెండు వారాలుంది. తనతో వచ్చేయమని పోట్లాడింది. సోఫా మీద కాగితం తనే చింపేసి పడుకోబెడతానంది. ఆమె రానంది. ఇద్దరూ ఒక పూట మాట్లాడుకోలేదు. వెళ్ళే ముందు రోజంతా చెల్లెలు వంట చేసి, ఏడు డబ్బాల్లో సర్ది, ఒక్కొక్క డబ్బా మీద ఒక్కొక్క వారం పేరు రాసి ఫ్రిజ్‌లో పెట్టింది.

తలుపు దగ్గర ఆటో కదిలాక ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయింది. ఆమె గోడ దగ్గర నిలబడి, ఆసుపత్రిలో నేర్పిన ప్రకారం ఎడమ చేతి వేళ్ళను గోడ మీద మెల్లగా పైకి నడిపించింది. భుజం ఎత్తుకు చేరేసరికి చంకలో కుట్టు లాగింది. పది అంకెలు లెక్కపెట్టి దించింది. మళ్ళీ ఎత్తింది. రోజుకు మూడుసార్లు అలా చేస్తూ, రోజుకొక డబ్బా వేడి చేసుకు తింటూ ఒక వారం గడిపింది. ఎనిమిదో రోజు పొద్దున బియ్యం డబ్బా కోసం ఎడమ చెయ్యి పై అర దాకా ఎత్తి చూసింది. అందలేదు. కుర్చీ జరుపుకుని, ఎక్కి, కుడి చేత్తో దింపుకుంది. పొయ్యి ముట్టించి, అన్నం ఉడికేదాకా పక్కనే నిలబడింది.